ఉబ్బ వాసన

తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక లాడ్జి ఉంది. పని అయినాక నేను ఆ సందులోంచే బస్సుకు నడుస్తాను. మొన్నొక సాయంత్రం మలుపు తిరగ్గానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. రేకుల షెడ్డులో ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద మిషన్ మూత తీసి తెల్ల దుప్పట్లు బయటికి లాగుతున్నారు. సోడా, తడి నూలు, ఎక్కడో కొంచెం మాడిన వాసన. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, "ఏమ్మా, నిద్దరపోతా ఉండావా?" అని పక్కనుంచి తిప్పుకుని పోయాడు.

అది ఉబ్బ వాసన. మా అమ్మ వాసన కూడా అదే. ఆమె పోయి వచ్చే నెలకు ఏడాది. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద, ఆ మందుల వాసన అడుగున కూడా అది నాకు తగిలేది. లేదా నేనే అట్లా అనుకున్నానేమో. ఆమె ఉబ్బ పెట్టడం మానేసి అప్పటికి ఇరవై ఏళ్ళు.

మా ఊరు పాకాల దాటినాక కొండ వారగా ఉంటుంది. మేము సాకలోళ్ళం. సర్టిఫికెట్లో రజక, బీసీ-ఏ. నేను ఇంటరు చదివినా, తర్వాత సంఘాల లెక్కలు రాసినా, ఊళ్ళో చాలామంది నోటికి ఇప్పటికీ సాకలోళ్ళ పాపనే.

ఉబ్బ అంటే ఏమిటో తెలియని పిల్లలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి చెప్తాను. బట్టలన్నీ సౌడు కలిపిన నీళ్ళలో నానబెట్టి పిండేవాళ్ళు. పొయ్యి మీద బానలో నీళ్ళు పోసి, ఆ బాన మూతి చుట్టూ బట్టల్ని మెలికలు తిప్పి గోపురంలాగా పేర్చేవాళ్ళు. బాగా మురికివి అడుగున, పంచెలు, పసిబిడ్డల గుడ్డలు పైన. మీద పాత కంబళి కప్పి, రాత్రంతా చెనిక్కాయ పొట్టు, తాటి మట్టలు ఎగదోస్తా ఉండాలి. కోడి కూసే వేళకు ఆవిరి పైబట్ట దాకా ఎక్కిందో లేదో అమ్మ అరచెయ్యి పెట్టి చూసేది. చలికాలంలో మేము ముగ్గురు పిల్లలం ఆ పొయ్యి పక్కనే గోతాలు పరుచుకుని పడుకునేవాళ్ళం.

తెల్లారి గాడిద మీద మూటలేసుకుని కాలువ రేవుకు. చాకిబండ మీద అమ్మ కొట్టే దెబ్బ, అవతల కొండకు తగిలి ఒక్క గడియ ఆగి తిరిగొచ్చేది. కొండకవతల ఇంకొక సాకలామె ఉతుకుతా ఉందని నేను చాన్నాళ్ళు నమ్మాను.

* * *

ప్రతి ఇంటి బట్టకూ ఒక గుర్తు ఉండేది. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ జిడ్డుతో బట్ట అంచు మీద గీత గీసి, సున్నం అద్దేవాళ్ళు. ఎన్ని ఉబ్బలు పెట్టినా పోదు. పెద్దింటికి రెండు చుక్కలు, ఒక అడ్డగీత. కరణంగారింటికి కాకి కాలు. ఊళ్ళో అరవై ఇళ్ళ గుర్తులు అక్షరం రాని మా అమ్మ తలలో ఉండేవి.

గుర్తు ఇంటికే. మనిషికి కాదు. అయినా మూట విప్పితే ఏ చీర ఎవరిదో, ఆ ఇంట్లో ఆ మనిషి స్థానం ఎంతో అమ్మకు తెలిసిపోయేది. పెద్దింటి అత్తగారి చీరలకు కుడివైపు నడుము దగ్గర తుప్పు మరక. అక్కడ ఎప్పుడూ తాళాలగుత్తి ఉండేది. పెద్దకోడలి కొంగుకు పసుపు, నెయ్యి. వడ్డించేది ఆమె. చిన్నకోడలి చీరలకు మసి, పేడ, పాల చుక్కలు. మొగుడు పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన ఆ ఇంటి ఆడబిడ్డవి రెండే రెండు తెల్లకోకలు. వాటికి మరకలే ఉండేవి కావు. "పాపం, ఆమెను ఏదీ ముట్టుకోనివ్వరు గదా, మరకెట్లా పడుతుంది" అని అమ్మ ఆ కోకల్ని ఊరికే ఒకసారి జాడించి పక్కన పెట్టేది.

ముట్టు బట్టలు విడిగా వేరే మూటలో వచ్చేవి. పెద్దమనిషైన పిల్ల తొలి బట్టలు, పురిటి బట్టలు, చావు మైల బట్టలు, అన్నీ మా ఇంటికే. అంటే ఊళ్ళో ఆడవాళ్ళ ఒంటి సంగతులన్నీ అందరికన్నా ముందు తెలిసేది మా అమ్మకు. ఎవరికి నెల తప్పింది, ఎవరికి మూడో బిడ్డ నిలబడలేదు. ఒక్కమాట బయట పెట్టేది కాదు. మా నాయనకు కూడా చెప్పేది కాదు.

ఇన్ని తెలిసిన మనిషి పెద్దింటి వెనక వాకిలి గడప దాటి లోపలికి పోయింది లేదు.

* * *

పొద్దుగూకినాక అన్నానికి పోవాలి. అమ్మ చంకలో వెదురు గంప, అందులో ఒక కుండ, ఒక దొంతి. నేను లాంతరు పట్టుకుని వెనక. ప్రతి ఇంటి దొడ్డివాకిలి దగ్గరా నిలబడి "అన్నమమ్మా, సాకలిదాన్ని" అని పిలవాలి. ఒక ఇంట్లో సంగటి ముద్ద, ఇంకో ఇంట్లో చింతాకు పులగూర, ఎక్కడో అదృష్టముంటే ఊరిబిండి. అన్నీ కలిసిపోయి ఒక రుచి వచ్చేది. అది ఏ ఇంటి రుచీ కాదు. నాకు పెళ్ళయి మొదటిసారి ఒకే పొయ్యి మీద వండిన కూడు రోజూ తిన్నప్పుడు చప్పగా అనిపించింది.

పెద్దింట్లో అన్నం పెట్టేది అత్తగారే. చిన్నకోడలు వంటింటి గడప లోపల నిలబడి ఉండేది. ఒకరోజు అత్తగారు ముద్ద పెట్టి లోపలికి తిరిగింది. మా చిన్నతమ్ముడికి జ్వరమని అమ్మ చెప్పి ఉండింది. చిన్నకోడలు గబగబా ఒక గరిటె పప్పు తెచ్చి కుండలో వంచబోయి, అడుగుల చప్పుడు విని చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. ఆమె కాలితో తుడిచేసింది. వాళ్ళది అరవై ఎకరాల ఇల్లు. కొట్టంలో పన్నెండు ఆవులు. వాటి పాలు పిండేది ఆమె. పాలకేంద్రం పుస్తకం మాత్రం మామగారి పేరున. పది రోజులకొకసారి డబ్బు వచ్చేది ఆయన జేబుకు.

అట్లాగని మా ఇంట్లో ఏదో వేరే రాజ్యం నడిచిందని కాదు. ఉతికేది అమ్మ, ఊరంతా తిరిగేది అమ్మ. ఏడాదికొకసారి కళ్ళంలో మేర, అంటే మా చాకిరీకి ఊరిచ్చే వడ్లు, కొలిచేటప్పుడు గోతం పట్టుకుని నిలబడేది మా నాయన. పేరు పెట్టి పిలిచి ఆయనకే కొలిచేవాళ్ళు. ఆ వడ్లలో ఎన్ని బళ్ళలు ఇంటికి వచ్చాయో, ఎన్ని దారిలోనే సారా కొట్టుకు పోయాయో అమ్మకు లెక్క తెలుసు. అడిగితే ఏమవుతుందో కూడా తెలుసు. మా జేజి ఉన్నన్నాళ్ళూ కొడుకు పక్కే. జేజి పోయినాకే అమ్మ ఆ మాట పైకి అడగడం మొదలుపెట్టింది.

* * *

ఇప్పుడు ఈ సంగతి రాయవచ్చు. తెలిస్తే తిట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

నాకు తొమ్మిది పదేళ్ళప్పుడు ఒకరోజు రేవులో మూట విప్పుతుంటే చిన్నకోడలి లోపావడా నాడాలో ముడి దొరికింది. విప్పితే రెండు రూపాయల నోటు, మడతలు మడతలుగా. మామూలుగా చొక్కా జేబుల్లో చిల్లర దొరికితే ఇస్త్రీ బట్టలతో పాటు తిరిగి ఇచ్చేస్తాం. సాయంత్రం అమ్మ దొడ్డివాకిలి దగ్గర "చిన్నరెడ్డెమ్మా, మీ..." అని ఎత్తుకోబోయింది. చిన్నరెడ్డెమ్మ కళ్ళతోనే ఆపింది. గంపలో ముద్ద పెట్టే సాకుతో వంగి, "నీకాడ్నే ఉంచుమ్మే. నాకు పెట్టుకునే తావు లేదు" అనింది.

అంత ఇంట్లో ఆమెకు తావు లేదు. పెట్టె తాళం అత్తది. బీరువా తాళం మొగుడిది. బియ్యం డబ్బాలో దాస్తే పెద్దకోడలు చూస్తుంది. మా గుడిసెకు తలుపే సరిగా ఉండదు, ఆమె డబ్బు అక్కడికి చేరింది.

అప్పట్నుంచి నెలకు రెండు మూడుసార్లు ముడి వచ్చేది. రూపాయి, అర్ధరూపాయి. పుట్టింటి నుంచి అన్న వచ్చినప్పుడు ఐదు. అమ్మ ఒక పాతగుడ్డను సంచిలాగా కుట్టి, అటికలో, అంటే చిన్న మట్టికుండలో పెట్టి, దూలానికి వేలాడదీసింది. రాయడం రాదు గదా, రూపాయికొక చింతగింజ. గింజలు కూడా అదే సంచిలో. ఆ సంచికి నల్లజీడితో పెద్దింటి గుర్తు పెట్టింది, రెండు చుక్కలు, అడ్డగీత. కాసేపు చూసి, పక్కన ఇంకొక చుక్క పెట్టింది. ఇంటికి కాకుండా మనిషికి పెట్టిన గుర్తు నేను చూసింది అదొక్కటే.

నేను ఇంటర్లో చేరాల్సిన ఏడాది చేతిలో పైసా లేదు. ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు అన్నీ కలిపి రెండు వందలు కావాలి. నాయన "ఆడపిల్లకు ఇంకేం చదువు" అన్నాడు. నాకు తెలుసు, దూలం మీద అటికలో అంతకన్నా ఎక్కువే ఉందని. అడిగాను. "అది మనది కాదు పాపా" అనింది. రెండు నెలల్లో తిరిగి పెట్టేద్దామన్నాను. ఏడ్చాను. సొంత బిడ్డకన్నా రెడ్డెమ్మే ఎక్కువా అని అరిచాను. మాట్లాడలేదు. మర్నాడు తన పెళ్ళినాటి ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని పాకాలకు పోయి కుదవ పెట్టి వచ్చింది. ఆ బిందె మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ మరుసటి ఏడాదే చిన్నరెడ్డెమ్మ ఆ డబ్బు అడిగింది. వాళ్ళ పెద్ద పాపకు తిరుపతిలో డిగ్రీ చదవాలని. మొగుడు, మామ సంబంధాలు చూస్తున్నారు. దరఖాస్తు ఫారానికి, బస్సుకు, ఫొటోలకు, హాస్టల్లో ముందుగా కట్టడానికి ఆ చింతగింజల డబ్బే. సీటొచ్చినాక ఇంట్లో పెద్ద గొడవ జరిగింది, అయినా పాప పోయింది. డబ్బు ఎక్కడిదని అడిగితే మేనమామ ఇచ్చాడని చెప్పారట. ఆమె ఇప్పుడు టీచరు. నేను ఎదురైతే "బాగున్నావా" అంటుంది. ఆమెకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

చాలా ఏళ్ళు నాకు ఆ బిందె మీద కోపం పోలేదు.

* * *

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయే ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని రేడియోలో, పేపర్లో వచ్చింది. మా ఊరికి ఆ గాలి వచ్చేసరికి ముందు లేచింది హరిజనవాడ ఆడవాళ్ళు. కూలి డబ్బు చేతికి వచ్చేది వాళ్ళకే, అది పోయేదీ వాళ్ళ ఇళ్ళలోంచే. తర్వాత మా వీధి. రెడ్ల వీధి ఆడవాళ్ళు ఎవరూ రోడ్డు మీదికి రాలేదు. వాళ్ళిళ్ళలో తాగేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. లోపల తాగి లోపలే కొట్టేవాళ్ళు. ఆ దెబ్బల రక్తం మరకలు కూడా మా రేవుకే వచ్చేవి. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆపారు, రెండేళ్ళకు మళ్ళీ తెరిచారు. ఆ మధ్య కాలంలో మా నాయన మేర వడ్లు పూర్తిగా ఇంటికి తెచ్చిన ఏడాది ఒకటుంది. అమ్మ ఆ ఏడు అరిసెలు చేసింది.

ఆ ఊపులోనే పొదుపు. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. పదిహేను మంది ఒక డ్వాక్రా గ్రూపు. పెళ్ళయి రెండేళ్ళకే నేను పుట్టింటికి తిరిగొచ్చేసి ఉన్నాను (ఆ కథ ఇక్కడ అనవసరం). ఊళ్ళో ఇంటరు చదివిన ఆడమనిషిని, పైగా ఇంట్లో ఎవరికీ పట్టని మనిషిని, కాబట్టి పుస్తకాలు రాసే పని నాకు వచ్చింది.

గ్రూపులు కులాలవారీగానే అయ్యాయి. పైనుంచి ఎవరూ అట్లా చెయ్యమని చెప్పలేదు. చాప మీద పక్కపక్కన కూర్చోవాలి గదా, అందుకని వాటంతట అవే అయిపోయాయి. రామాలయం అరుగు మీద మీటింగ్ అంటే హరిజనవాడ వాళ్ళు రారు, రానివ్వరు. బడి వరండా అంటే అందరూ వచ్చారు, కానీ రెడ్ల వీధి వాళ్ళు కుర్చీలు తెప్పించుకున్నారు.

రెడ్ల గ్రూపుకు లీడరు పెద్దింటి పెద్దకోడలు. ఎందుకంటే పెద్దకోడలు కాబట్టి. చిన్నరెడ్డెమ్మను అత్తగారు చేరనివ్వలేదు. "ఒకింట్లోంచి ఇద్దరెందుకు?" అని. అత్తగారు పోయి, పావలా వడ్డీ వచ్చినాక, అంటే 2004 తర్వాత, ఆమె మొగుడే తీసుకొచ్చి చేర్పించాడు. మూడో నెల్లో ఆమె పేరున లోను తీసి బోరు వేయించాడు. తిరుచెంగోడు బండి వచ్చి రెండు రోజులు ఎనిమిది వందల అడుగులు తవ్వింది. తెల్లటి రాతిపిండి లేచి ఆరేసిన బట్టల మీద పడింది. నీళ్ళు పడలేదు. కంతులు మాత్రం ఆమె పేరున నా పుస్తకంలో. సంతకం పెట్టేటప్పుడు ఆమె ఒకసారి నన్ను చూసి, "మీ అమ్మ దగ్గరైతే సంతకం అక్కర్లేకపోయె" అనింది.

పంచాయతీ గురించి ఎక్కువ చెప్పను. 1995 నుంచి ఆడవాళ్ళకు మూడోవంతు సీట్లు వచ్చాయి. ఒకసారి మా ఊరికి బీసీ మహిళ పడింది. పెద్దింటి కొట్టంలో పనిచేసే ఆమెనే నిలబెట్టి గెలిపించారు. ఐదేళ్ళూ చెక్కుల పుస్తకం పెద్దింట్లో ఉండింది. ఊళ్ళోవాళ్ళు ఆమె మొగుణ్ణి "సర్పంచా" అని పిలిచేవాళ్ళు, ఎగతాళిగానో గౌరవంగానో వాళ్ళకే తెలియాలి.

* * *

హరిజనవాడ గురించి రాయకుండా ఊరుకుంటే ఈ జ్ఞాపకాలు సగం అబద్ధం.

మేము ఊరందరికీ ఉతికేవాళ్ళం, వాళ్ళకు తప్ప. వాళ్ళ బట్టలు ముట్టుకుంటే మిగతా ఊరు మాకు వేయదు. కుల కట్టుబాటు. నా చిన్నప్పుడు అక్కడినుంచి ఒకామె, కూతురి పెళ్ళికని పంచెలు, దుప్పట్లు ఉబ్బకు వేసివ్వమని అడగడానికి మా ఇంటి ముందుకొచ్చింది. డబ్బులిస్తానంది. నాయన "మాకు కాదులే, పోండి" అన్నాడు. పెద్దింటి దొడ్డిలో తను ఎంత దూరం నిలబడేదో, మా అమ్మ ఆమెను అంతే దూరంలో నిలబెట్టి మాట్లాడింది. ఇది నాకు అప్పుడు కనబడలేదు. మా అమ్మ మంచిది కదా అనే అనుకున్నాను.

పుస్తకాలు రాయడానికి నేను ఆ వాడకు పోయిన మొదటి రోజు, గ్రూపు లీడరు ఆ ఉబ్బకు అడగొచ్చిన ఆమె చిన్నకూతురే. మిట్ట మధ్యాహ్నం. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. చెయ్యి చాచడానికి నేను ఒక్క క్షణం ఆగాను. చదువుకున్నదాన్ని, ఎన్ని ట్రైనింగులకు పోయినదాన్ని. ఆమె చూసింది. గ్లాసు కింద పెట్టి, "నీళ్ళకేంలేమ్మా, ఆ పుస్తకం ఇటియ్యి, సంతకాలు పెడతాము" అనింది.

వాళ్ళ గ్రూపు ఒక్క కంతు తప్పలేదు. ఎవరి కూలి వాళ్ళ చేతికే వచ్చేది, మొగుణ్ణి అడిగే పని లేదు. వేరుశనగ పీకడానికి దామలచెరువు దాకా, మామిడికాయల కాలంలో ఇంకా దూరం, లారీ ఎక్కి పోయేవాళ్ళు. రెడ్ల వీధి ఆడవాళ్ళకు ఆ తిరుగుడు కలలో కూడా లేదు. కానీ ఆ అక్క పేరున ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా కొండవాలు ఎకరంన్నర రాళ్ళ నేల. ఆ పట్టా భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లోనే చట్టం వచ్చింది. అమ్మలేదు, కొనలేదు. పెద్దింటి మామిడి తోట కంచె మాత్రం ఏటా కొంచెం జరిగి, ఆమె నేలలోకి రెండు సాళ్ళ తోతాపురి చెట్లు వచ్చేశాయి. అడగడానికి పోతే, కూలికి పిలవడం మానేస్తారు.

లోను మీద వాళ్ళు జెర్సీ ఆవులు తెచ్చుకున్నారు. ఊళ్ళో ఏ ఇంటికీ ఆ పాలు పనికిరావు, కాఫీకి కూడా. పాలకేంద్రంలో మాత్రం పోయించుకున్నారు. వెన్న శాతం చూసే మిషన్ దగ్గర పెద్దింటి క్యానుకు ముందో వెనకో ఆమె చెంబు. ఒకరోజు ఆమె పాలకే వెన్న ఎక్కువ వచ్చింది. పాలాయన చీటీ రాస్తూ రెండుసార్లు చూశాడు. ఆ చీటీని ఆమె చాలా రోజులు రవికలో పెట్టుకుని తిరిగింది, నాకూ చూపించింది.

మూడో నెల్లోనో నాలుగో నెల్లోనో నేనే అడిగాను, "అక్కా, కొంచెం నీళ్ళియ్యి" అని. ఇచ్చింది. "ఇప్పటికయిందా దప్పిక?" అనింది. నవ్వలేదు.

* * *

1985లోనే మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం వచ్చిందని నాకు తెలిసింది తిరుపతిలో ఒక ట్రైనింగ్‌లో. ఆరోజు సాయంత్రం ఊరికొచ్చి అమ్మకు గొప్పగా చెప్పాను. అమ్మ తమలపాకుకు సున్నం రాస్తా, "చిన్నరెడ్డెమ్మ పుట్టింట్లో ఆ కాగితం మీద ఏలిముద్రేసి వచ్చిందిలే ఎప్పుడో. పట్టుచీర పెట్టినారు" అనింది. వాటా వద్దని రాసిచ్చే కాగితం. అన్నదమ్ములతో రాకపోకలు పోతాయని. మూడెకరాల మాగాణి. ఆ పట్టుచీర ఎప్పుడూ మాకు ఉతుక్కు రాలేదు. పెళ్ళిళ్ళలో ఆమె కట్టుకుని కనబడితే అమ్మ నా చెవిలో "మూడెకరాల చీర" అనేది.

మా ఇంట్లో ఎవరూ ఏ కాగితం మీదా వేలిముద్ర అడగలేదు. రాసివ్వడానికి ఏముంది, చాకిబండా?

బోర్లన్నీ ఎండిపోయిన ఆ కరువేళ్ళలో ఉపాధి హామీ వచ్చింది. మా జిల్లా మొదటి విడతలోనే ఉంది. అందరూ కరువు పని అనేవాళ్ళు. మా వీధి, హరిజనవాడ గంపలెత్తుకుని చెరువు పూడిక తీయడానికి పోయాయి. మగవాళ్ళకెంతో ఆడవాళ్ళకూ అంతే. అప్పటికి పెద్దింట్లో వాటాలు పోయి, అప్పులు పెరిగి, చిన్నరెడ్డెమ్మ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉండింది. కానీ రెడ్ల కోడలు గంపెత్తుకుని చెరువులో దిగుతుందా? ఆమె వస్తానన్నా మొగుడు ఉరేసుకుంటాడు.

అప్పుడు మా అమ్మ మళ్ళీ మూట మోసింది. ఉతకడం తగ్గిపోయినా, ఉతికిన బట్టలని పేరు పెట్టి, మధ్యలో ఎండిన మోదుగాకులు, చీపురు పుల్లలు పెట్టుకుని పోయేది. చిన్నరెడ్డెమ్మ రాత్రిళ్ళు తలుపేసుకుని విస్తర్లు కుట్టేది. వారానికొకసారి మురికి బట్టల మూటలో ఆ కట్టలు మా ఇంటికొచ్చేవి. పాకాలలో వేసి డబ్బు తెచ్చిచ్చేది అమ్మ. కట్టకు ఎంత వచ్చిందో నాకు గుర్తులేదు. చిన్నరెడ్డెమ్మ వేళ్ళకు పుల్లలు గీసుకున్న గాట్లు మాత్రం, పొదుపు పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు కనబడేవి.

* * *

అమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చింది. దినాలు అయిపోయినాక, ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చిన్నరెడ్డెమ్మ ఒక్కతే వచ్చింది. కర్ర పట్టుకుని. మా ఇంటి గడప ఆమె దాటడం అదే మొదటిసారి. కుర్చీ వేస్తే కూర్చోకుండా, అమ్మ పడుకునే మంచం పట్టె మీద కూర్చుంది.

కాఫీ ఇచ్చాను, తాగింది. తాగి, గ్లాసు తనే తొట్టి దగ్గరికి తీసుకుపోయి కడిగి బోర్లించింది. వాళ్ళిళ్ళలో తాగితే గ్లాసు మేము కడిగిపెట్టేవాళ్ళం. ఈమె ఎందుకు కడిగిందో, మతిమరుపో, మర్యాదో, నాకు అర్థం కాలేదు. అడగలేదు.

"మీ అమ్మ దగ్గర నాది ఇంకా పదకొండు రూపాయలుండాల" అనింది. నేను నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

అమ్మ రేకుపెట్టె తీశాను. పింఛను పుస్తకం, ఆధార్, నాయన ఫొటో, అడుగున ఆ గుడ్డసంచి. రెండు చుక్కలు, అడ్డగీత, పక్కన ఇంకొక చుక్క. నల్లజీడి గీత ఏమీ చెదరలేదు. లోపల డబ్బులు లేవు. చింతగింజలు మంచం మీద పోసి లెక్కపెట్టాను.

"తొమ్మిదే ఉన్నాయి చిన్నరెడ్డెమ్మా."

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని తనూ వేలితో ఒక్కొక్కటీ జరిపి చూసింది.

"రెండు ఎలకలు తినుంటాయిలే" అని, గింజల్ని మళ్ళీ సంచిలో పోసి, ముడేసి, నడుం దగ్గర దోపుకుంది.